ఆ దేశానికి ఇండియాలో ఎంబసీ లేదా? తిరుపతి, చిత్తూరు వాళ్లకు టూరిస్ట్ వీసా మార్గదర్శి

వీసా అనగానే తిరుపతిలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది చెన్నై. పొద్దున్నే గరుడాద్రి రైలెక్కి, వీసా సెంటర్లో కాగితాలు, వేలిముద్రలు ఇచ్చి, సాయంత్రం మళ్లీ బండెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. వెళ్లాలనుకున్న దేశానికి చెన్నైలోనే కాదు, ఢిల్లీలో కూడా ఎంబసీ లేదని తెలిసినప్పుడే చిక్కు మొదలవుతుంది. పసిఫిక్ దీవులు, యూరప్‌లోని బుల్లి దేశాలు, మనతో దౌత్య సంబంధాలే లేని తైవాన్, కొసావో, ఇలా ఆ జాబితా చిన్నదేమీ కాదు. అక్కడితో కొందరు ఆశ వదులుకుంటారు. ఇంకొందరు ‘అంతా మేం చూసుకుంటాం’ అన్న ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టేస్తారు. రెండూ అక్కర్లేదు. ఎంబసీ లేని ప్రతి దేశమూ భారతీయుల దరఖాస్తులు చూసే పని ఇంకెవరికో అప్పగించి ఉంటుంది, లేదా తానే నేరుగా చూస్తుంది. ఆ చెయ్యి ఎవరిదో కనిపెడితే సగం పని అయినట్టే. మిగతా సగం కాగితాలు.

ముందు నిజంగానే లేదా అని చూడండి

‘చెన్నైలో లేదు’ అన్న మాటకూ ‘ఇండియాలో లేదు’ అన్న మాటకూ చాలా తేడా ఉంది. ఢిల్లీలో ఎంబసీ ఉండి, దరఖాస్తులు మాత్రం చెన్నై, హైదరాబాద్, బెంగళూరు వీసా సెంటర్లలో తీసుకునే దేశాలే ఎక్కువ. మన విదేశాంగ శాఖ వెబ్‌సైట్‌లో ఇండియాలో ఉన్న విదేశీ ఎంబసీల జాబితా ఉంటుంది. దాన్ని చూశాక, వెళ్లాలనుకున్న దేశపు విదేశాంగ శాఖ సైటు తెరిచి ‘ఇండియా’ అని వెతకండి. మన జాబితాలో లేకపోయినా, ఇండియా వ్యవహారాలు ఏ ఊళ్లోని ఎంబసీ చూస్తుందో అక్కడ రాసి ఉంటుంది. ఒకే రాయబారి రెండు మూడు దేశాలకు పనిచేయడం మామూలే. మనవాళ్లూ అంతే. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో ఉన్న భారత రాయబార కార్యాలయమే లీచ్‌టెన్‌స్టెయిన్‌ను చూస్తుంది, పారిస్‌లో ఉన్నది మొనాకోను, మాడ్రిడ్‌లో ఉన్నది అండోరాను చూస్తాయి.

గూగుల్‌లో పైన కనిపించిన సైటును నమ్మి డబ్బు కట్టొద్దు. ఇ-వీసా పేరుతో అసలు సైటును అచ్చుగుద్దినట్టు పోలిన ప్రైవేటు సైట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. కొన్ని అసలు ఫీజుకు రెండు మూడింతలు తీసుకుని మన తరఫున ఫారం నింపుతాయి, కొన్ని అదీ చేయవు. ఆ దేశపు విదేశాంగ శాఖ సైటుకో, ఇమ్మిగ్రేషన్ శాఖ సైటుకో ముందు వెళ్లి, అక్కడున్న లింకు నొక్కి మాత్రమే దరఖాస్తు పేజీలోకి వెళ్లండి.

దరఖాస్తు ఎవరి చేతికి వెళ్తుంది?

ఈ ప్రశ్నకు ఐదారు రకాల జవాబులుంటాయి. మీ దేశం ఏ కోవలోకి వస్తుందో తేలేదాకా టికెట్టు, హోటలు జోలికి పోవద్దు.

అన్నిటికన్నా తేలిక వీసా అక్కర్లేని దేశాలు, దిగాక పర్మిట్ ఇచ్చే దేశాలు. మైక్రోనేషియా పర్యాటకులకు 30 రోజుల దాకా వీసా అడగదు. సమోవాలో దిగాక సందర్శక పర్మిట్ ఇస్తారు. ఇలాంటి చోట ఎంబసీ లేకపోయినా బాధ లేదు, కానీ దారిలో దిగే దేశాల వీసా అసలు సమస్య అవుతుంది. దాని గురించి కింద వివరంగా రాశాం.

తర్వాతిది ఇ-వీసా. ఇంట్లో కూర్చుని ఫారం నింపి, స్కాన్లు పెట్టి, కార్డుతో ఫీజు కడితే ఈమెయిల్‌కు అనుమతి పత్రం వస్తుంది.

మూడోది, ఒక దేశం తరఫున ఇంకో దేశం వీసా ఇవ్వడం. యూరప్‌లో ఇది బాగా కనిపిస్తుంది. లీచ్‌టెన్‌స్టెయిన్ వెళ్లాలంటే స్విట్జర్లాండ్‌కు దరఖాస్తు చేస్తారు, మొనాకోకైతే ఫ్రాన్స్‌కు. ఇటలీ మధ్యలో ఉన్న శాన్ మారినోకు ఇటలీ దాటకుండా చేరలేరు కాబట్టి ఇటలీ ఇచ్చే షెంగెన్ వీసానే (యూరప్‌లోని చాలా దేశాల్లో ఒకే వీసాతో తిరగనిచ్చే ఒప్పందం పేరు షెంగెన్) సరిపోతుంది. ఈ మూడు వీసాలకూ చెన్నైలోనే దరఖాస్తు కేంద్రాలున్నాయి.

ఈ మూడో దారిలోనే చాలామంది పడే గుంత ఒకటుంది. అండోరా షెంగెన్‌లో లేదు. తనకంటూ విమానాశ్రయం లేని ఆ దేశానికి ఫ్రాన్స్ నుంచో స్పెయిన్ నుంచో రోడ్డు మీదే పోవాలి. అండోరాలో అడుగుపెట్టారంటే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే లెక్క. చేతిలో ఉన్నది ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చిన వీసా అయితే తిరిగి స్పెయిన్‌లోకి రావడానికి దారి ఉండదు. అందుకే ఫారంలో రెండు ప్రవేశాలో, ఎక్కువ ప్రవేశాలో అడిగి, ఎందుకు అడుగుతున్నారో కవర్ లెటర్‌లో ‘ఫలానా తేదీన అండోరా వెళ్లి ఫలానా తేదీన తిరిగి వస్తాం’ అని ఒక వాక్యం రాయాలి. గ్రీన్‌లాండ్‌ది ఇంకో రకం మెలిక. అది డెన్మార్క్ రాజ్యంలోదే అయినా షెంగెన్‌లో లేదు. డెన్మార్క్ వీసా మీద గ్రీన్‌లాండ్‌కు చెల్లుతుందని ప్రత్యేకంగా రాయించుకోవాలి. తాహితీ ఉన్న ఫ్రెంచ్ పాలినేషియాకు కూడా ఫ్రాన్స్‌కే దరఖాస్తు చేస్తారు, కానీ పారిస్ చూడటానికి ఇచ్చే మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు. గమ్యం పేరు దరఖాస్తులోనే స్పష్టంగా ఉండాలి.

నాలుగోది తైవాన్ లాంటి దారి. భారత్‌కు తైవాన్‌తో అధికారిక దౌత్య సంబంధాలు లేవు కాబట్టి ఎంబసీ అన్న బోర్డు ఎక్కడా కనపడదు. ఆ పని చేసేది తైపే ఎకనమిక్ అండ్ కల్చరల్ సెంటర్ అనే కార్యాలయం. ఢిల్లీలో ఉంది, 2012 నుంచి చెన్నైలోనూ ఉంది. శ్రీసిటీ, తడ వైపు తైవాన్ కంపెనీల్లో పనిచేసే వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. పర్యాటకులకు ఇంకో వెసులుబాటు ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, షెంగెన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, దక్షిణ కొరియాల్లో ఏదో ఒకదాని వీసా మీ పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్నా, గడువు ముగిసి పదేళ్లు దాటకపోయినా, తైవాన్ ఇమ్మిగ్రేషన్ సైటులో ఉచితంగా ప్రయాణ అనుమతి పత్రం తీసుకోవచ్చు. అది 90 రోజులు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 14 రోజుల దాకా ఉండనిస్తారు. అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూసి వచ్చిన అమ్మానాన్నలు మన జిల్లాలో వేలమంది ఉంటారు. వాళ్ల పాత పాస్‌పోర్టులోని వీసా ఇట్లా పనికొస్తుంది. కాబట్టి గడువు తీరిన పాస్‌పోర్టును బీరువాలో భద్రంగా ఉంచండి, పారేయకండి.

కొసావోది కూడా ఈ తరహాదే. ఆ దేశాన్ని భారత్ గుర్తించలేదు కాబట్టి ఎంబసీ మాటే లేదు. ఎక్కువ ప్రవేశాల షెంగెన్ వీసా చెల్లుబాటులో ఉన్నవాళ్లను మాత్రం 15 రోజుల దాకా అనుమతిస్తారు. అంటే కొసావో వీసా కోసం కాళ్లరిగేలా తిరగడం కన్నా మంచి షెంగెన్ వీసా తెచ్చుకోవడం నయం.

ఐదోది, ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ శాఖకే నేరుగా ఈమెయిల్ చేయడం. నౌరూ ఇట్లాగే చేస్తుంది. ఫారం, పాస్‌పోర్టు స్కాను, టికెట్టు వివరాలు పంపితే పరిశీలించి అనుమతి లేఖ పంపుతారు. దాన్ని ప్రింటు తీసి విమానం ఎక్కేముందు, దిగాక చూపించాలి.

చివరిదీ కష్టమైనదీ, ఇంకో దేశంలో ఉన్న ఎంబసీకి పాస్‌పోర్టును కొరియర్ చేయడం. పై ఐదూ మూసుకుపోయాయని తేలాకే దీని గురించి ఆలోచించండి.

ఇక గౌరవ కాన్సుల్ అనే వాళ్లుంటారు. చెన్నైలో చాలా దేశాలకు ఉన్నారు. వీళ్లు ఎక్కువగా ఇక్కడి వ్యాపారస్తులు, ఆ దేశం తరఫున గౌరవ హోదాలో పనిచేస్తారు. కొందరికి వీసా దరఖాస్తులు తీసుకునే అధికారం ఉంటుంది, చాలామందికి ఉండదు. ఫోన్ చేసి అడిగాకే బయల్దేరండి.

దారిలో దిగే దేశం మాటేమిటి?

ఎంబసీ లేని దేశాలు చాలావరకు దూరంగా ఉంటాయి, చెన్నై నుంచి నేరుగా విమానం ఉండదు. రెండు మూడు చోట్ల మారాలి. ఆ మారే చోట వీసా లేక ఆగిపోయేవాళ్లు ఎక్కువ.

మైక్రోనేషియాకు వీసా అక్కర్లేదని చెప్పుకున్నాం కదా. అక్కడికి ప్రధానమైన విమాన దారి గువామ్, హోనలూలు మీదుగా పోతుంది. రెండూ అమెరికావే. అమెరికా విమానాశ్రయంలో గంటసేపు ఆగి ఇంకో విమానం ఎక్కాలన్నా భారతీయులకు వీసా ఉండాల్సిందే. అంటే వీసా అడగని దేశానికి వెళ్లడానికి అమెరికా వీసా కావాలి. సమోవాకు న్యూజిలాండ్ మీదుగా వెళ్తే న్యూజిలాండ్ ట్రాన్సిట్ వీసా తీసుకోవాలి. ఫిజీ మీదుగా వెళ్తే ఆ బెడద లేదు, ఫిజీ మనవాళ్లను వీసా లేకుండా రానిస్తుంది. ఫిజీలోని నాడికి సింగపూర్ నుంచి విమానం ఉంది, సింగపూర్‌కు చెన్నై నుంచి నేరుగా ఉంది. ఆస్ట్రేలియా మీదుగా వెళ్లాల్సి వస్తే 771 అనే ట్రాన్సిట్ వీసా కావాలి. దానికి ఫీజు లేదు, 72 గంటలలోపు బయల్దేరిపోవాలి, కానీ దరఖాస్తు మాత్రం ముందే చేసుకోవాలి.

టికెట్టు కొనేటప్పుడు మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండేలా చూడండి. నాలుగు వేలు తగ్గుతుందని చెన్నై–సింగపూర్ ఒకచోట, సింగపూర్–నాడి ఇంకోచోట కొంటే పెట్టె చివరిదాకా వెళ్లకపోవచ్చు. సింగపూర్‌లో బయటికొచ్చి పెట్టె తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. బయటికి రావాలంటే సింగపూర్ వీసా కావాలి. ఒకే బుకింగ్ అయితే లోపలి నుంచే విమానం మారిపోతారు, వీసా అడగరు.

చెన్నై విమానాశ్రయంలో మిమ్మల్ని విమానం ఎక్కించాలా వద్దా అని చూసేది విమాన సంస్థ సిబ్బంది. వాళ్ల ముందుండే కంప్యూటర్‌లో టిమాటిక్ అనే వ్యవస్థ ఉంటుంది. ఏ పాస్‌పోర్టుకు ఏ దేశంలో ఏం కావాలో అందులో ఉంటుంది. అందులో లేని వెసులుబాటును మీరు ఎంత వాదించినా ఒప్పుకోరు. అందుకే టికెట్టు కొనేముందే విమాన సంస్థను సంప్రదించి, మీ దారి మొత్తం చెప్పి, టిమాటిక్‌లో ఏముందో అడిగి తెలుసుకోండి.

ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలకైతే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. మనకు దగ్గర్లో చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. ఆ జ్వరం ఉన్న దేశాల నుంచి సర్టిఫికెట్ లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచే అధికారం ఆరోగ్య అధికారులకు ఉంది.

పాస్‌పోర్టు, పేరు, డోర్ నంబరు

ప్రయాణం ముగిసే తేదీ తర్వాత కనీసం ఆరు నెలలు చెల్లుబాటు, కనీసం రెండు ఖాళీ పేజీలు ఉంటే దాదాపు అన్ని చోట్లా ఇబ్బంది ఉండదు. తగ్గితే ముందు తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూ చేయించుకోండి, ఆ తర్వాతే వీసా. పాత నంబరు మీద వీసా తీసుకుని తర్వాత పాస్‌పోర్టు మార్చితే ఇ-వీసా చెల్లదు.

మనవాళ్ల దరఖాస్తులు వెనక్కొచ్చే మొదటి కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఒక్క పొడి అక్షరం ఉంటుంది. లక్ష్మి అన్న పేరులో ఒకచోట ‘కేఎస్‌హెచ్’ ఉంటే ఇంకోచోట ‘ఎక్స్’ ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో పడి ఉంటుంది. ఇండియా గురించి పెద్దగా తెలియని చిన్న దేశపు అధికారికి ఇవి ఇద్దరు వేర్వేరు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. ముందు బ్యాంకులో పేరును పాస్‌పోర్టుకు తగ్గట్టు మార్పించుకోండి. వ్యవధి లేకపోతే, ఈ పేర్లన్నీ ఒకరివేనని స్టాంపు పేపరు మీద నోటరీ చేయించిన అఫిడవిట్ జత చేయండి. ఫారంలో మాత్రం పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అచ్చంగా అదే రాయాలి, సొంతంగా సవరించకూడదు.

పాస్‌పోర్టు నంబరులో మొదటిది అక్షరం, తర్వాత ఏడూ అంకెలే. అక్షరం ‘ఓ’ ఎక్కడ, సున్నా ఎక్కడ అన్న అనుమానం ఇక రాకూడదు. ఇ-వీసాలో ఒక్క అంకె తప్పు పడినా కొత్తగా దరఖాస్తు చేసి మళ్లీ ఫీజు కట్టాల్సిందే. తేదీల గడిలో నెల ముందా రోజు ముందా అన్నది కూడా ఒకటికి రెండుసార్లు చూడండి.

చిరునామా దగ్గర ఇంకో తంటా. మన డోర్ నంబర్లలో అడ్డగీతలు, ఏటవాలు గీతలు నిండా ఉంటాయి. చాలా విదేశీ ఫారాలు అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేదీ తీసుకోవు. ఎర్ర అక్షరాల్లో ‘తప్పు’ అని చూపిస్తాయి కానీ ఏది తప్పో చెప్పవు. ఆ గీతల స్థానంలో ఖాళీ వదిలితే సరిపోతుంది. జిల్లా పేరు గురించి కూడా కంగారు అక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. అంతకుముందు తీసుకున్న పాస్‌పోర్టులో చిత్తూరు జిల్లా అనే (కొందరికి నెల్లూరు జిల్లా అని) ఉంటుంది. పుట్టిన ఊరు, జిల్లా అడిగినచోట పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి.

ఫొటో గురించి ఒక మాట. సాధారణంగా 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 మిల్లీమీటర్ల ఎత్తు, తెల్లటి వెనుక తెర, ఆరు నెలలలోపు తీసినది అడుగుతారు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్లు పాత ఫొటో పెట్టకుండా ఇప్పటి రూపంతోనే తీయించుకోవాలి. గుండు వల్ల వీసా ఆగదు, పాత ఫొటో వల్ల మాత్రం ఆగవచ్చు. నామం, పెద్ద బొట్టు ముఖం ఆనవాళ్లను కప్పకుండా ఉంటే మంచిది.

డబ్బు, రాబడి చూపించే కాగితాలు

ఎంబసీ లేని దేశంలో మీ కాగితాలు చూసే అధికారికి మన ఊరి పద్ధతులేవీ తెలియవు. తెలుగు చదవలేరు, ఫోన్ చేసి అడగరు. కాబట్టి ప్రతి కాగితం తన కథ తానే చెప్పాలి.

ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్‌ను బ్రాంచిలోనే ప్రింటు తీయించి, ప్రతి పేజీ మీద సీలు, సంతకం వేయించండి. ఫోన్‌లో దింపుకున్న పీడీఎఫ్‌ను చాలామంది ఒప్పుకోరు. దరఖాస్తుకు వారం ముందు బంధువుల దగ్గర అప్పు తెచ్చి ఖాతాలో మూడు లక్షలు వేస్తే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, అనుమానానికి మొదటి కారణం అదే. ఉన్నది ఎంతో అంతే చూపించి, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులుంటే జత చేయండి.

ఉద్యోగులకు జీతం స్లిప్పులు, సెలవు మంజూరు లేఖ కావాలి. దేవస్థానం, యూనివర్సిటీ, ఆర్టీసీ, మరే ప్రభుత్వ ఉద్యోగులైనా విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి తీసుకోవాలి. దానికి పట్టే రోజులను వీసా రోజులతో కలిపి లెక్కేసుకోండి. వ్యాపారులకు జీఎస్టీ రిజిస్ట్రేషన్, మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు.

రైతుల దగ్గరకొస్తేనే చిక్కు. చిత్తూరు తోతాపురి మామిడి రైతుకు డబ్బు ఏడాది పొడవునా రాదు. మే నుంచి జూలై దాకా కాయ కోతలు, ఆ తర్వాత గుజ్జు ఫ్యాక్టరీ నుంచో మండీ నుంచో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడుతుంది. స్టేట్‌మెంట్ చూసేవాళ్లకు అది అచ్చం అప్పు తెచ్చి వేసిన డబ్బులాగే ఉంటుంది. అందుకే ఆ జమ పక్కన చిన్న గుర్తు పెట్టి, దానికి సరిపోయే తూకం చీటీ, ఫ్యాక్టరీ బిల్లు, పట్టాదారు పాసు పుస్తకం, 1బి నకలు వరసగా జత చేయాలి. పాల డబ్బు బ్యాంకులో పడేవాళ్లకు అదే చాలా మేలు చేస్తుంది. విడత విడతకూ క్రమంగా వచ్చే ఆ చిన్న జమలే స్థిరమైన రాబడికి మంచి సాక్ష్యం. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేకపోయినా, దాన్ని మినహాయింపు ఆదాయంగా చూపిస్తూ రిటర్ను వేసి ఉంటే చెప్పుకోవడానికి ఒక గట్టి కాగితం ఉంటుంది. మీరు తిరిగి వస్తారనడానికి పేరు మీదున్న భూమిని మించిన ఆధారం లేదు. దాన్ని ఫైలు అడుగున పెట్టకుండా కవర్ లెటర్‌లోనే ప్రస్తావించండి.

1బి, అడంగల్, పుట్టిన తేదీ పత్రం, తెలుగులో ఉన్న ఏ కాగితమైనా ఇంగ్లీషు అనువాదంతో, నోటరీ సీలుతో ఇవ్వాలి. కొన్ని దేశాలు పెళ్లి, పుట్టుక పత్రాలకు అపోస్టిల్ (పత్రం అసలైనదేనని విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) అడుగుతాయి. దీనికి సంబంధించిన హేగ్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది. ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. విదేశాంగ శాఖ తీసుకునేది పత్రానికి 50 రూపాయలే, మధ్యలో ఏజెన్సీ రుసుం వేరు. గుడిలో పెళ్లి చేసుకున్నవాళ్లకు గుడి రసీదు సరిపోదు, పెళ్లి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలను తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం నోటరీతో ఉండాలి.

షెంగెన్ దారిలో వెళ్లేవాళ్లకు కొన్ని లెక్కలు స్థిరంగా ఉన్నాయి. ప్రయాణానికి ఆరు నెలల కన్నా ముందు తీసుకోరు, 15 రోజుల కన్నా ఆలస్యమైతే కుదరదు. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, ఆరు నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకు 45 యూరోలు, ఆరేళ్లలోపు వాళ్లకు ఉచితం. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. వేలిముద్రలు ఒకసారి ఇస్తే 59 నెలలు పనికొస్తాయి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అవసరమైతే 45 దాకా పోవచ్చు.

పాస్‌పోర్టును ఇంకో దేశానికి పంపాల్సి వస్తే

మొదటి మెట్టు ఈమెయిల్. ఆ ఎంబసీకి చిన్న, మర్యాదైన ఇంగ్లీషు ఈమెయిల్ రాసి ఈ సంగతులు అడగండి: ఇండియాలో నివసించే భారతీయుల దరఖాస్తు కొరియర్ ద్వారా తీసుకుంటారా, స్వయంగా రావాలా? అసలు పాస్‌పోర్టు పంపాలా, స్కాన్ సరిపోతుందా? ఫీజు ఎంత, ఎలా కట్టాలి? తిరుగు కొరియర్‌కు ఏం ఏర్పాటు చేయాలి? ఏ కాగితాలకు అపోస్టిల్ కావాలి? ఎన్ని రోజులు పడుతుంది? కొన్ని ఎంబసీలు తామున్న దేశంలో నివాస అనుమతి ఉన్నవాళ్ల దరఖాస్తులే తీసుకుంటాయి. ఆ సంగతి ముందే తెలియకపోతే పాస్‌పోర్టు వెళ్లినదారినే తిరిగొస్తుంది, రెండువైపులా కొరియర్ ఖర్చు మీదే. చిన్న ఎంబసీల్లో ఇద్దరు ముగ్గురే సిబ్బంది ఉంటారు, జవాబుకు వారం పట్టొచ్చు. పది రోజులకు మళ్లీ గుర్తుచేయండి. జవాబు వచ్చాక దాన్ని ప్రింటు తీసి దరఖాస్తు పైన పెట్టండి.

ఫీజు ఎక్కువగా బ్యాంకు బదిలీతో కట్టమంటారు. మీ బ్యాంకులో ఏ2 ఫారం నింపి, పాన్ ఇచ్చి పంపాలి. అక్కడ ఖర్చులు ఎవరు భరిస్తారన్న గడిలో ‘పంపేవారే మొత్తం’ అన్న అర్థం వచ్చే ‘అవర్’ ఎంచుకోండి. ‘షేర్డ్’ అని పెడితే మధ్యలో ఉన్న బ్యాంకు కొన్ని డాలర్లు కోసుకుంటుంది. 60 డాలర్లు పంపితే 45 చేరతాయి, ఫీజు తక్కువైందని ఫైలు పక్కన పడేస్తారు. ఎందుకు ఆగిందో మీకు నెల దాకా తెలియదు. కార్డుతో కట్టే వీలుంటే బ్యాంకు యాప్‌లో విదేశీ లావాదేవీలు ఆన్ చేయడం మరవొద్దు. ఎప్పుడూ విదేశాల్లో వాడని కార్డుకు ఆ మీట ఆఫ్‌లోనే ఉంటుంది.

ఇక ప్యాకెట్. పాస్‌పోర్టు అన్ని పేజీలూ, ఖాళీవాటితో సహా, స్కాన్ చేసి ఉంచుకోండి. కొరియర్ ఆఫీసులో ముందే చెప్పండి, కొందరు పాస్‌పోర్టులు తీసుకోరు. ఎందుకు పంపుతున్నారో తెలిపే సంతకం చేసిన లేఖ, ఆధార్ నకలు, ఎంబసీ ఈమెయిల్ ప్రింటు అడుగుతారు. లోపల రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టండి: ఒకదాంట్లో పాస్‌పోర్టు, ఫొటోలు, ఫారం, ఫీజు రసీదు, రెండోదాంట్లో మిగతా కాగితాలు వరస నంబర్లతో. ఫొటోలు ఫారానికి పిన్ను కొట్టకండి, ముఖం మీద గుచ్చుకున్న గుర్తు పడితే కొత్తవి అడుగుతారు. తిరుగు కొరియర్‌కు ముందే డబ్బు కట్టిన చీటీ పెట్టాలి. దాని మీద మీ చిరునామాతో పాటు ఫోన్ నంబరు ముందు 91 తప్పక ఉండాలి.

పాస్‌పోర్టు బయట ఉన్నన్నాళ్లూ మీరు ఏ దేశానికీ కదలలేరు, మామూలు పౌరులకు మన ప్రభుత్వం ఒకేసారి రెండు పాస్‌పోర్టులు ఇవ్వదు. కాబట్టి ఈ దారిలో ప్రయాణ తేదీకి మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ఈమెయిల్ జవాబుకు రెండు వారాలు, కాగితాలకు మూడు, కొరియర్‌కు రానుపోను రెండు, పరిశీలనకు నాలుగు, ఏదో ఒకటి తప్పిపోతే సరిదిద్దుకోవడానికి రెండు. అప్పటిదాకా డబ్బు వాపసు వచ్చే టికెట్లు, ఉచితంగా రద్దు చేసుకునే హోటళ్లే తీసుకోండి. కల్పించిన టికెట్టు కాగితాలు ఇస్తామనే వాళ్ల దగ్గరకు పోవద్దు. బుకింగ్ నంబరు సరిచూడటం అధికారికి రెండు నిమిషాల పని, అది దొరికితే తిరస్కరణతో పాటు అబద్ధం చెప్పారన్న ముద్ర కూడా పడుతుంది.

తిరస్కరించినా లోకం మునిగిపోదు. కారణం రాతపూర్వకంగా అడిగి, అది సరిదిద్ది మళ్లీ వేయండి. ఇకపై ఏ దేశం ఫారంలోనైనా ‘ఎప్పుడైనా వీసా నిరాకరించారా’ అన్న ప్రశ్న వస్తే అవునని రాసి, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పండి.

వీసా చేతికొచ్చాక

కవరు విప్పగానే పేరు, పాస్‌పోర్టు నంబరు, చెల్లుబాటు తేదీలు, ఎన్నిసార్లు ప్రవేశించవచ్చు, ఎన్ని రోజులు ఉండవచ్చు, ఈ ఐదూ వేలు పెట్టి చదవండి. చెల్లుబాటు మూడు నెలలు ఉండి, ఉండే రోజులు పద్నాలుగే ఉండొచ్చు. ఆ రెండింటినీ కలిపి చదివి చిక్కుల్లో పడేవాళ్లున్నారు. తప్పుంటే అదే రోజు ఫొటో తీసి ఎంబసీకి ఈమెయిల్ చేయండి, విమానాశ్రయంలో ఎవరూ సరిదిద్దలేరు. వీసా పేజీ, పాస్‌పోర్టు మొదటి చివరి పేజీలు, బీమా పత్రం రెండేసి ప్రింట్లు తీసి ఒక సెట్టు ఇంట్లో ఇవ్వండి. దాని వెనక, ఆ దేశాన్ని చూసే భారత ఎంబసీ ఏ ఊళ్లో ఉందో, అత్యవసర ఫోన్ నంబరు ఏమిటో చేత్తో రాయండి. అక్కడ పాస్‌పోర్టు పోతే మీకు అత్యవసర ప్రయాణ పత్రం ఇవ్వాల్సింది ఆ ఎంబసీయే. అది మీరున్న దేశంలో ఉండకపోవచ్చు.